ఒక్క యూరో ఇల్లు... బారాణా మసాలా!

ఇటలీలో కప్పు కాఫీకయ్యే డబ్బుతో సొంతిల్లు! సిసిలీ దీవిలోని కొండ ఊరు సాంబూకా 2019లో ఈ ఒక్కమాటతో ప్రపంచాన్ని తనవైపు తిప్పుకుంది. పాడుబడ్డ పదహారు ఇళ్లను వేలానికి పెట్టి, పాట ఒక్క యూరో నుంచి మొదలన్నారు పురపాలకులు. అంటే, మన వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఇక చూడాలి, దేశదేశాల నుంచి ఒకటే ఈమెయిళ్లు!

ఊరు నిజంగానే అందమైంది. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు పునాది వేశారంటారు. 1923 దాకా పేరు కూడా సాంబూకా జబూత్. నాటి పేటలోని ఇరుకు సందులు, రాతి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి బయట అరాంచో సరస్సు, చుట్టూ ద్రాక్షతోటలు. 2016లో ఇటలీలోకెల్లా అందమైన పల్లెగా ఎంపికైంది కూడా. లేనిదల్లా జనమే. కుర్రకారు నగరాలకు వెళ్లిపోయింది. 1968లో బెలీచె లోయను కుదిపేసిన భూకంపం తర్వాత ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదిలేశాయి. అలా పురపాలక సంఘం చేతికొచ్చినవే ఈ ఇళ్లు.

వేలంలో ఒక్క యూరో దగ్గర ఆగిన ఇల్లు అరుదు. వెయ్యి నుంచి 25 వేల యూరోల దాకా పలికాయి. పాట పాడాలంటే 5 వేల యూరోలు ధరావతు కట్టాలి. గెలిచినవాళ్లు మూడేళ్లలో ఇంటిని బాగుచేస్తేనే అది వెనక్కి వస్తుంది. మరమ్మతులకు కనీసం 15 వేల యూరోలవుతాయని ఊరివాళ్లే ముందుగా చెప్పారు. ‘కనీసం’ అన్న మాటను చాలామంది చదివీ చదవనట్టు వదిలేస్తారు. హాలీవుడ్ నటి లొరేన్ బ్రాకో ఇక్కడ ఒక్క యూరోకు కొన్న ఇంట్లో నీళ్లు లేవు, కరెంటూ లేదు. దాన్ని బాగుచేయించుకోవడమే 2020లో ఓ టీవీ కార్యక్రమమైంది!

అందుకే లెక్క ఇంటి ధర దగ్గర కాదు, పైకప్పు దగ్గర మొదలుపెట్టాలి. ఉదాహరణకు 60 చదరపు మీటర్ల ఇల్లు. బాగుచేయడానికి మీటరుకు 700 యూరోలనుకుంటే 42 వేలు. దానిపై పది శాతం పన్ను, 4,200. పాత గోడలు పగలగొడితే ఏం బయటపడుతుందో ఎవరికెరుక? అందుకని మరో 15 శాతం, దాదాపు 7 వేలు పక్కన ఉంచాలి. ఇటలీలో నోటరీ లేకుండా ఇల్లు చేతులు మారదు. రిజిస్ట్రేషన్ పన్ను ఎంత చిన్న ఇంటికైనా వెయ్యి యూరోలకు తగ్గదు. కొలతలు, అనుమతులు చూసే సర్వేయర్ ఫీజు వేరు. వీటన్నిటికీ 7 వేలు. పాటలో ఇల్లు 5 వేలకు దక్కిందనుకుందాం. మొత్తం 65 వేలు దాటింది. మూడేళ్లు చిక్కుకుపోయే ధరావతునూ కలిపితే 70 వేలు... మన డబ్బుల్లో 70 లక్షల పైమాటే. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే మరి!

విమానం ఖర్చులు ఇందులో లేవు. నివాసం మార్చుకోకపోతే రెండో ఇంటి పన్ను ఏటా కట్టాలి. రూపాయి పడిపోతే మేస్త్రీ అదే యూరోలు అడుగుతాడు, ఇక్కడి ఖర్చు మాత్రం పెరుగుతుంది.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. ఇటలీలో నివాసం లేని విదేశీయులు ఇల్లు కొనాలంటే, వాళ్ల దేశంలో ఇటలీవాళ్లకూ అదే హక్కు ఉండాలన్న నియమం ఉంది. నోటరీని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారం ఇక్కడ నివసించే ఒక్కో వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే బయటికి పంపగలరు. అందుకోసం బ్యాంకులు అప్పివ్వకూడదు. సొంత సొమ్మే దిక్కు.

అదే ఊళ్లో కాస్త ఎక్కువ ధరకు, పైకప్పు చెదరని ఇళ్లూ అమ్మకానికి వస్తుంటాయి. కాగితం మీద అవి ఖరీదైనవి. మరమ్మతులు కలిపి చూస్తే చాలాసార్లు అవే చవక.

సాంబూకా 2021లో మరికొన్ని ఇళ్లను రెండు యూరోలకు, 2024లో ఇంకొన్నిటిని మూడు యూరోలకు పాటకు పెట్టింది. ధరావతు మాత్రం అదే 5 వేలు, గడువూ అదే మూడేళ్లు.