కడియములో వెండి డాలరు

రాజమహేంద్రవరము దాటిన రైలు కడియము చేరులోపలనే పూలవాసన పెట్టెలోనికి వచ్చునని మా అక్క చెప్పుచుండును. మొన్న నేను పోయినపుడు వచ్చినది తడిమట్టి వాసన మాత్రమే. ఐనను స్టేషను విడిచి కొంత దూరము పోవుసరికి ఆమె మాట నిజమేననిపించినది. గులాబి అంట్లు, కొబ్బరి మొలకలు, పేరు తెలియని రంగురంగుల ఆకుమొక్కలు దారి కిరుప్రక్కల బారులు తీరియుండును. కడియపులంక సంతలో బంతులు, చేమంతులు రాసులు పోసియుండును. అక్కడివారు గజము నేలనైన వృథాగా విడువరు.

నన్నక్క పిలిపించినది మొక్కలకొరకు కాదు. ముఖమల్ పెట్టెలోని ఒక అమెరికా వెండి డాలరును నా చేత పెట్టి, "చూచి చెప్పవే, దీనిని తీసికొందునా?" అని అడిగినది.

"ఎంత చెప్పినాడక్కా?"

"డబ్బు వద్దనినాడు. అమ్మ రూపాయలలో అయిదు ఇమ్మన్నాడు."

పట్టణములోని ఒక వర్తకుడు రెండు దినములు చూచుకొమ్మని దాని నిచ్చినాడట. అది 1986లో ముద్రించిన ప్రూఫు నాణెము. ప్రూఫనగా బజారులో చెల్లుటకు గాక దాచుకొనుటకు చేసినది. అచ్చునకును బిళ్ళకును మెరుగు పెట్టి, ఒకటికంటె నెక్కువ మారులు ముద్ర వేయుదురు. అందువలన నేల అద్దమువలెను, బొమ్మ మంచు పట్టినట్లును కనబడును. ఉదయించు సూర్యునివైపు నడచు స్వేచ్ఛాదేవి రూపము దానిపై నున్నది. వైన్మను అను శిల్పి 1916 నాటి అరడాలరునకై కల్పించిన రూపమది. చాల సొగసైనది, కాదనను. అక్క దానిని విభూతితో తుడువబోగా చేయి పట్టుకొంటిని. ప్రూఫు నాణెమును తోమితిమా, దాని విలువ పోయినట్లే. వ్రేలి జిడ్డు సయితము మరకయై నిలుచును.

పిమ్మట లెక్క చూచితిమి. పాత వెండి రూపాయి సరిగా ఒక తులము. అందుచేతనే మన పెద్దలు దానిని తూకపురాయిగా వాడిరి. అందులో పండ్రెండింట పదునొకండు వంతులు వెండి. డాలరు తూకము రెండు తులముల మీద మూడింట రెండు వంతులు, దాదాపు స్వచ్ఛమైన వెండి. మూడు రూపాయలలోనే అంతకంటె కొంచె మెక్కువ వెండి కలదు. 1940 తరువాతి రూపాయలైనచో సగమే వెండి గనుక లెక్క మారును. అమ్మవి అంతకు ముందటివి. పనితనమునకు వేరుగా వెల కట్టవలెనందుమా, ఆ యేటి ప్రూఫులు పదునాలుగు లక్షలకు పైగా ముద్రింపబడినవి. అపురూపమనుటకు వీలులేదు.

అక్క మనస్సింకను డాలరు మీదనే యున్నది. "మన పెట్టెలో అమెరికాది ఒక్కటియు లేదే" అన్నది.

అపుడు నేను కావిడిపెట్టెలోని గుడ్డమూట విప్పించి, ఐదవ జార్జి బొమ్మగల 1918 నాటి రూపాయిని తీసితిని. మొదటి ప్రపంచయుద్ధ కాలమున మన దేశములో జనులు నోట్లిచ్చి వెండి అడుగజొచ్చిరి. ప్రభుత్వమువద్ద వెండి తరిగిపోయెను. 1918 ఏప్రిలులో అమెరికావారు పిట్మను చట్టము చేసి, తమ ఖజానాలోని డాలర్లు సుమారు ఇరువదియేడు కోట్లు కరగించిరి. అందు ఇరువదియైదు కోట్లకు మించి మన దేశము కొరకే. ఆ వెండి ఇక్కడి టంకశాలలలో రూపాయలాయెను. మా పెద్దన్న బారసాలకు మేనమామ పెట్టిన యీ రూపాయిలో ఆ డాలర్ల వెండి యుండవచ్చును. ఉన్నదని ప్రమాణము చేయలేను.

అక్క దానిని చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచినది. ఆ రాజుగారి చెవి అరిగి నునుపెక్కినది. ఎన్ని చేతులు మారినదో!

"ఇది ఇచ్చివేయలేనే" అన్నది.

"మిగిలిన నాలుగు?"

"అవియు నంతే."

డాలరు మరునాడు వర్తకునికి తిరిగి పోయినది. అమెరికాలోనున్న మా అక్కకొడుకు సంక్రాంతికి వచ్చునపుడు, 1904కు ముందు ముద్రించిన పాత మోర్గను డాలరు, ఆ కరగింపును తప్పించుకొన్నది, అరిగినదైనను సరే, ఒక్కటి వెలకు కొని తెమ్మని వానికి చెప్పించితిమి. దాని తూకము తక్కువ, వెండి పదింట తొమ్మిది వంతులే. అక్క అయిదు రూపాయలను మరల మూటగట్టినది. 1918 నాటిది మాత్రము వేరుగా చిన్న గుడ్డలో చుట్టి పైన పెట్టినది.