మీటర్ 12 చూపించినా బండి ఆగిపోయింది

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఇంట్లో పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

మా మామయ్యది పాత పికప్ వ్యాన్. సంతకి పసుపు, అల్లం తోలాలన్నా, అర్ధరాత్రి ఎవరికైనా పురిటి నొప్పులొచ్చినా మా ఊరికి అదే దిక్కు. సెలవులకి వెళ్లినప్పుడు నేనూ ఎక్కా. పాడేరు ఘాట్ దిగుతూ మలుపులో మామయ్య క్లచ్ తొక్కగానే ఇంజన్ టక్కున ఆగింది. రెండుసార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడిపోయింది. బ్రేక్‌కి సాయం చేసే వాక్యూం పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. క్లచ్ వదిలి గేర్‌లో ఉంచుంటే చక్రాలే ఇంజన్‌ని తిప్పేవి, కానీ ఆ క్షణంలో ఎవరికి గుర్తొస్తుంది? హ్యాండ్ బ్రేక్ లాగితే కొండవైపు ఒరిగి ఆగింది. నేను దూకి చక్రాల కింద రాళ్లు పెట్టా. చేతులు వణికాయి, అబద్ధమెందుకు.

అరగంటకి చల్లారి దానంతటదే స్టార్టయింది. కింద మెకానిక్ చూసి, పంపు మీదున్న స్టాప్ సొలినాయిడ్ పోయింది, పంపు కూడా విప్పాలన్నాడు. ఆయన చెప్పిన డబ్బు మామయ్య ఆ ఏడు పసుపు అమ్మిన దాంట్లో సగం.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు కదా. తాళం తిప్పితే ఈ సొలినాయిడ్‌కి కరెంట్ వెళ్లి డీజిల్ దారి తెరుచుకుంటుంది. కరెంట్ పోతే దారి మూసుకుపోతుంది, ఇంజన్ ఆగుతుంది.

హాస్టల్ నుంచి తెచ్చుకున్న మల్టీమీటర్ తీశా. సొలినాయిడ్ దగ్గర వైరు ఊడదీసి చూస్తే 12.4 వోల్టులు. "వైరు బాగుంది మామయ్యా, మెకానిక్ చెప్పిందే నిజం" అనేశా. మామయ్య పొద్దున్నే షావుకారు దగ్గరికి వెళ్దామనుకున్నాడు.

రాత్రి పడుకుంటే వెలిగింది. మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. వైరులో ఒక్క పోగు మిగిలినా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది! వోల్టేజ్ డ్రాప్ లెక్కలు మార్కుల కోసం ఎన్నో చేశా, అది వైరు గురించని ఎప్పుడూ అనుకోలేదు.

తెల్లారగానే ఇండికేటర్‌లోని 21 వాట్ల బల్బు పీకి అదే వైరుకి పెట్టా. బీడీ నిప్పులా ఎర్రగా మినుకుమంది. వైరు మళ్లీ సొలినాయిడ్‌కి తగిలించి కొలిస్తే 7 వోల్టులే.

"నిన్న బాగుందన్నావు, ఇవాళ లేదంటున్నావు. ఏది నమ్మాలి అల్లుడూ?" అన్నాడు మామయ్య. నా దగ్గర జవాబు లేదు. బల్బు ఆయన చేతికే ఇచ్చా. బ్యాటరీకి నేరుగా పెడితే భగ్గున వెలిగింది. తర్వాత బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన వేరే వైరు సొలినాయిడ్‌కి తగిలిస్తే 'టిక్' మని గట్టిగా కొట్టింది. అంటే అది బాగానే ఉంది. (ఇలా పెట్టి స్టార్ట్ చేస్తే తాళం తీసినా ఇంజన్ ఆగదు, వైరు లాగాలి. జాగ్రత్త.)

వైరు వెంటే వెతుక్కుంటూ వెళ్లాం. డ్యాష్‌బోర్డు వెనక రేకు కన్నంలో రబ్బరు బుష్ ఎప్పుడో ఊడిపోయింది. రేకు అంచు కోసి కోసి లోపల పచ్చటి చిలుం, రెండు మూడు పోగులు మాత్రమే ఉన్నాయి. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి కొత్త వైరు, బుష్ వేశాం. ఖర్చు రెండొందలు దాటలేదు. మెకానిక్ మోసం చేశాడని అనను. వెతికే ఓపిక లేదంతే. నాకూ మొదటిరోజు లేదుగా.

వాక్యూం పంపు పైపు క్లిప్పు దగ్గర బీటలు కనిపించాయి. ఈసారి ఇంటికెళ్లేటప్పుడు అదొకటి కొనుక్కెళ్లాలి.