అద్దె సైకిలు మీద కొల్లేటికి

మన ఏజెన్సీ ఊళ్లలో సైకిలు తెలియని ఇల్లు లేదు. కానీ సైకిలుని మనం ఎప్పుడూ పనిలోకే దించాం. దాని మీద వెదురు బొంగులు కట్టాం, రేషను బియ్యం వేశాం, సంతకి చింతపండు మోశాం, జ్వరం వచ్చిన మనిషిని క్యారేజీ మీద కూర్చోబెట్టి బుట్టాయగూడెం దాకా తోసుకుంటూ వచ్చాం. ఊరు చూడటానికి, ఊరికే తిరగటానికి సైకిలు ఎక్కినవాడిని మా గూడెంలో నేను చూడలేదు. అలా తిరగటం డబ్బున్నవాళ్ల పని అనుకుంటాం. గోవాలోనూ పాండిచ్చేరిలోనూ సముద్రపు ఒడ్డున సైకిళ్లు అద్దెకిస్తారని, విదేశాల వాళ్లు వాటి మీద ఊరంతా చుట్టేస్తారని మా బడిలో పిల్లలు ఫోనులో చూసి నాకు చూపించారు. "మాస్టారూ, మన దగ్గర ఇలా ఇవ్వరా?" అని ఒక పిల్ల అడిగింది. ఇస్తారు. మన దగ్గర అది చాలా పాత వ్యాపారం.

నేను డిగ్రీ చదివిన రోజుల్లో ఏలూరులో ప్రతి వీధి చివరా ఒక సైకిలు షాపు ఉండేది. గంట లెక్కన అద్దె. మడ్‌గార్డు మీద రంగుతో నంబరు రాసి ఉండేది. షాపాయన ఒక పొడుగు పుస్తకంలో నీ పేరు, సైకిలు నంబరు, తీసుకున్న టైము రాసుకునేవాడు. టైముకి పది నిమిషాలు దాటితే ఇంకో అరగంట డబ్బులు కట్టాలి. కాలేజీ పిల్లలు సినిమాకి వెళ్లాలన్నా, ఊరి నుంచి వచ్చిన నాన్నని బస్టాండులో దించాలన్నా అద్దె సైకిలే దిక్కు.

అందులో మాకొక చిక్కు ఉండేది. షాపాయనకి పూచీ కావాలి. ఆ వీధిలో తెలిసిన మనిషి ఎవరైనా "మావాడే, ఇవ్వండి" అంటే ఇస్తాడు. గిరిజన హాస్టల్ కుర్రాడికి ఆ వీధిలో తెలిసినవాళ్లెవరు? మొదటిసారి ఒక షాపుకి వెళ్తే ఆయన "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "అడివోళ్లా? రేపు సైకిలు తీసుకుని కొండెక్కేస్తే నేనెక్కడ వెతకాలి?" అని నవ్వాడు. పక్కన గాలి కొట్టించుకుంటున్న ఇద్దరూ నవ్వారు. నా వెనక నిలబడ్డ కుర్రాడికి, వాడిదీ ఏలూరు కాదు, కైకలూరు వైపు ఊరు, ఏమీ అడగకుండా సైకిలు ఇచ్చాడు. ఆ షాపు ఇప్పుడు లేదు. ఆ నవ్వు మాత్రం ఈ వ్యాసం రాస్తుంటే మళ్లీ వినపడింది.

2023 జనవరిలో ఉపాధ్యాయుల శిక్షణకి ఏలూరు వెళ్లినప్పుడు చివర్లో మూడు రోజులు సెలవు కలిసొచ్చింది. బస్సెక్కి ఇంటికి రావాల్సింది. కానీ పిల్లలు ఫోనులో చూపించిన సముద్రపు ఊళ్లు గుర్తొచ్చి, అద్దె సైకిలు దొరుకుతుందేమో అని వెతకటం మొదలుపెట్టాను. ఆరుగురిని అడిగితే ఐదుగురు నవ్వారు. మోటారు సైకిళ్లు వచ్చాక అద్దె సైకిలు ఎవడికి కావాలి? ఆరో ఆయన ఒక సందు చూపించాడు. పంచర్లు వేసే ముసలి భాయ్ దగ్గర నాలుగు పాత సైకిళ్లు ఇంకా ఉన్నాయి. కూలి పనికి వచ్చినవాళ్లు, ఐస్ అమ్మేవాళ్లు రోజువారీగా తీసుకుంటారట.

"ఎన్ని రోజులు సార్?"

"మూడు రోజులు భాయ్. కొల్లేరు చూసి, అటు తాడేపల్లిగూడెం దాకా వెళ్లొస్తా."

ఆయన నన్ను, సైకిలుని మార్చి మార్చి చూశాడు. "గూడెందాకా దీని మీదా? ట్రెయిను ఉంది కదా సార్." రోజుకి వంద అన్నాడు. పూచీ సంగతి నేనే ఎత్తి, ఆధార్ కార్డు తీశాను. ఆయన కార్డు తీసుకోలేదు. ఫోన్ నంబరు గోడ మీద సుద్దతో రాసి, "టీచరంటున్నారు, చాలు" అన్నాడు. ఉద్యోగం ఉంది కాబట్టి పూచీ అక్కర్లేకపోయింది. ఉద్యోగం లేని మా తమ్ముడికైతే ఇచ్చేవాడా? భాయ్ మంచివాడు, ఇచ్చేవాడేమో. ఆ ప్రశ్న మాత్రం నాతోనే సైకిలెక్కింది.

పిల్లలకి చెప్పటానికి ఒక మాట: అద్దె సైకిలు తీసుకునే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడండి, చైను వదులుగా ఉందేమో చూడండి, సీటు మీ నడుము ఎత్తుకి పెట్టించుకోండి. పంపు అడిగి తీసుకోండి. లంక ఊళ్లలో పంచరు షాపు కోసం చాలా దూరం తోయాల్సి వస్తుంది.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు కొల్లేటి మధ్యనుంచే పోతుంది. వరదొస్తే ఈ రోడ్డే మునిగి రాకపోకలు ఆగిపోతాయి. మనకి ఎత్తులు, పల్లాలు అలవాటు. మా ఊరి నుంచి పక్క ఊరికి వెళ్లాలంటే సగం దూరం సైకిలు మనల్ని మోస్తుంది, సగం దూరం మనం సైకిలుని మోస్తాం. ఇక్కడ నేల చాప పరిచినట్టు ఉంది. పెడలు తొక్కటం ఆపినా సైకిలు పోతున్నట్టే అనిపించింది. తీరా ఎదురుగాలి మొదలైంది. కొండవాలు ఎక్కినదానికన్నా కాళ్లు ఎక్కువ లాగాయి. కొండయితే ఎక్కాక దిగుడు ఉంటుంది. గాలికి దిగుడు లేదు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. తమ్మిలేరు, బుడమేరు లాంటి ఏరులు ఇందులో కలుస్తాయి. నీళ్లు బయటకి పోవటానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. ఇదంతా నేను పిల్లలకి పాఠంగా చెప్పినదే. అయితే రోడ్డు మీద నుంచి చూస్తే సరస్సు కనపడదు. చెరువు గట్టు, దాని వెనక ఇంకో చెరువు గట్టు, మేత బస్తాల లారీలు, చేపల ట్రేలు. ఎక్కడో ఒకచోట గుర్రపు డెక్క, కిక్కిస గడ్డి కనపడితే అదీ అసలు కొల్లేరు.

ఒక లంక ఊరి దగ్గర దోనె మరమ్మతు చేసుకుంటున్న తాత కనపడ్డాడు. వడ్డీల ఆయన. మంచినీళ్లు అడిగితే ఇచ్చి, కూర్చోమన్నాడు. ఆయన పక్కన వెదురుతో అల్లిన చేపల మావు ఉంది. చేతిలోకి తీసుకుని చూశాను. మూతి దగ్గర పుల్లలు లోపలికి వంచి, చేప లోపలికి వెళ్లగలిగేలా, తిరిగి రాలేకుండా కట్టిన తీరు మా నాన్న వాగుకి అడ్డంగా పెట్టే బుట్టలాగే ఉంది. ఆ మాటే అన్నాను.

"మీదే ఊరండి మాస్టారూ?"

"పైన అడివి తాతా. బుట్టాయగూడెం దగ్గర. కోయవాళ్లం."

"ఆయ్, అయితే ఈ వెదురు మీ వైపు నుంచి వచ్చిందేనండి" అని మావు మీద తట్టాడు. "మీ నీళ్లూ మాకే వస్తాయి కదండీ."

మా నీళ్లు రావు. ఆ సంగతి తర్వాత చెప్తాను. అప్పుడు మాత్రం ఆయన మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను.

ఆయన చెప్పిన కథ క్లుప్తంగా ఇది. 1970లలో సొసైటీలు పెట్టి, చేపల చెరువులు తవ్వి, లంక ఊళ్ల పేదలకి ఇచ్చారు. కాగితం మీద చెరువు వీళ్లది. కానీ పిల్లకి, మేతకి, మందుకి పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాడు బయట నుంచి లీజుకి వచ్చాడు. కొన్నాళ్లకి సొంత చెరువు గట్టు మీద వీళ్లు కాపలా కూలీలయ్యారు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 5 అడుగుల కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చి, అభయారణ్యంలో ఉన్న చెరువుల గట్లు పేల్చేశారు, పొక్లెయిన్లతో కొట్టేశారు. "లీజుకి తీసుకున్నోడు ఇంకోచోట తవ్వుకున్నాడండి. మేం ఎక్కడికి పోతాం?" అన్నాడు తాత.

ఈ కథ మనకి చెప్పనక్కర్లేదు. ఊరి పేర్లు మారిస్తే మనదే. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను, మనం 1/70 అని పిలుచుకునే చట్టం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చెప్తుంది. కాగితం మీద భూమి మనదే. పొగాకు బేరను, పామాయిలు తోట ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు. అభయారణ్యం అన్న మాటా మనకి కొత్త కాదు. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. కొండరెడ్ల ఊళ్లు అందులోనే ఉన్నాయి. ఇంకో సంగతి నాకు ఆ గట్టు మీదే తట్టింది. కొల్లేటి గట్లు పగలగొట్టిన 2006లోనే, డిసెంబరులో, మన అటవీ హక్కుల చట్టం పార్లమెంటులో పాసయింది. ఒకే ఏడాది ఒకచోట నీళ్ల మీద బతికేవాళ్ల కాళ్ల కింద గట్టు పోయింది, ఇంకోచోట అడివిలో బతికేవాళ్లకి కాగితం మీద హక్కు వచ్చింది. మన పట్టాలు అన్నీ వచ్చాయా అంటే అది వేరే వ్యాసం.

అయితే రెండూ అచ్చంగా ఒకటే అనటం నాకు ఇష్టం లేదు. సరస్సు బతకాలంటే గట్లు పోవాల్సిందే, పక్షులకీ దిగువ ఊళ్లకీ కూడా అదే మంచిది. తాత కూడా ఆ మాట కాదనలేదు. "నీళ్లు బాగుంటే కొరమేను దానంతటదే వస్తదండి, చెరువెందుకు?" అన్నాడు. ఆయన కోపమంతా పెట్టుబడి పెట్టినవాడికీ కూలికీ ఒకే శిక్ష వేసినందుకు.

ఆ సాయంత్రం కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం చూశాను. గూడబాతులు ఒక్కొక్కటీ మేకపిల్లంత ఉన్నాయి. చెట్లు సరిపోక వాటి కోసం ఇనుప స్టాండ్లు పెట్టారు, వాటి మీద పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకున్నాయి. పడవలో ఎక్కినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోటకి కూడా వెళ్దామనుకున్నాను గాని పొద్దుపోయింది. ఫాల్గుణంలో అక్కడ జాతర. ఎప్పుడైనా అప్పుడే వెళ్లాలి.

రెండో రోజు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు. దెందులూరు, భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరు. హైవే మీద సైకిలు తొక్కటం అంత మంచి పని కాదు, లారీ పక్కన పోతే గాలికే సైకిలు ఊగుతుంది. వీలైనచోటల్లా ఏలూరు కాలవ గట్టు పట్టుకున్నాను. ఆ కాలవ గోదావరి నీళ్లు తెస్తుంది, అటు నుంచి కృష్ణా కాలవ వస్తుంది, రెండూ ఏలూరులో కలుస్తాయి. దారంతా వరి నాట్లు. చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు, సుఖంగా ఉంది, అంతే.

గూడెంలో మా చిన్నాన్న కొడుకు ఉల్లిపాయల మార్కెట్లో హమాలీ. వాడి గదిలో పడుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఆ ఊళ్లో ఉంది. విమానాలు రాకపోయినా సైకిలు, బండి నేర్చుకునేవాళ్లకి బాగా పనికొచ్చింది. మావాడు పెద్ద సైకిలు ఆ రన్‌వే మీదే నేర్చుకున్నానని గొప్పగా చెప్పాడు. "అన్నా, విమానం నడిపే రోడ్డు మీద నేర్చుకున్నోణ్ణి" అని వాడి ఎకసెక్కెం.

మూడో రోజు పొద్దున్నే నందమూరు వెళ్లాను. నీళ్ల సంగతి తర్వాత చెప్తానన్నాను కదా, అది ఇక్కడ ఉంది. కొల్లేటికి వచ్చేది చింతలపూడి వైపు నుంచి వచ్చే తమ్మిలేరు. మా వైపు జల్లేరు ఎర్రకాలవలో కలుస్తుంది. ఎర్రకాలవ కొల్లేరు మొహం చూడకుండా గూడెం పక్కనుంచి పోయి, యనమదుర్రు డ్రెయిన్‌గా భీమవరం దాటి సముద్రంలో పడుతుంది. నందమూరు అక్విడెక్టు దగ్గర ఏలూరు కాలవ పైనుంచి, ఎర్రకాలవ కింద నుంచి పోతాయి. పైన గోదావరి నీళ్లు, కింద మా నీళ్లు. సైకిలు స్టాండు వేసి చూస్తూ నిలబడ్డాను. నా పక్కన గేదెలు కడుగుతున్న ఒకావిడ "ఏం చూస్తున్నారండి?" అంది. "మా వాగు" అన్నాను. "ఇదా? వానాకాలంలో మా వరి అంతా ముంచేది ఇదేనండి!" అంది ఆవిడ. మాకు ప్రాణం పోసే నీళ్లు ఆవిడకి ఏటేటా వచ్చే బాధ. ఏం చెప్పాలో తోచక నేనూ కాసేపు గేదె తాడు పట్టుకున్నాను.

బడికి వచ్చాక ఇదంతా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడ్డప్పుడు బుట్టాయగూడెం, కైకలూరు ఒకే జిల్లాలోకి వచ్చాయి. పిల్లల సోషల్ పాఠానికి ఇంతకన్నా మంచి మ్యాపు దొరకదు. వచ్చే జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని పది మందిని తీసుకెళ్లాలని మా ఆలోచన. అందులో ఆరుగురు ఆడపిల్లలు. వాళ్లని సైకిలు మీద అంత దూరమా అని ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దలు అన్నారు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు, క్వారీ కూలీలు, నర్సులు, పొలం పనివాళ్లు. ఆ కథ చెప్పాను. ఒక అవ్వ విని, "వాళ్లు ఎక్కితే మన పిల్లలెందుకు ఎక్కకూడదు, చీకటి పడకుండా తీసుకురా" అంది. మిగతావాళ్లు ఇంకా ఏమీ అనలేదు.

భాయ్‌కి ఫోను చేశాను. నాలుగు సైకిళ్లూ ఇస్తానన్నాడు. ఇంకో ఆరు కావాలి. అందులో రెండు కంబి లేనివి, చిన్నవి అయితే మంచిది. పూచీ ఎవరు అని ఆయన అడగలేదు గాని, పది మంది పిల్లల పేర్లూ రాసి పంపమన్నాడు, గోడ మీద రాసుకుంటాడట. పేర్లు పంపాను.