పట్టు విడుపు

మనవాళ్లకి ‘పట్టు’ అంటే మహా గౌరవం. పట్టుదల గలవాణ్ణి మెచ్చుకుంటాం. పట్టు సడలినవాణ్ణి చూసి జాలిపడతాం. ఉడుంపట్టు అంటే సరేసరి, దూరం నించే దణ్ణం పెడతాం. పాపం ‘విడుపు’కి మాత్రం సొంత బతుకు లేదు. పట్టు వెనకాల తోకలాగ ఎప్పుడైనా కనిపిస్తుంది, అంతే. కాని గట్టిగా పట్టుకుంటే చెడిపోయేవి లోకంలో లేకపోలేదు. పిచికపిల్లని గట్టిగా పట్టుకోకూడదు. నిద్రపోతున్న పసివాడి చెయ్యి గట్టిగా పట్టుకోకూడదు. పండక్కి వచ్చిన అల్లుణ్ణి ఇంకో రెండ్రోజులుండమని మరీ గట్టిగా పట్టుకోకూడదు, ఉండిపోతాడు. ఈ వరసలో తుపాకీ కూడా ఉందంటే మీరు నవ్వుతారు. ఉందండీ! అన్ని తుపాకులూ కాదు, స్ప్రింగుతో పేలే ఎయిర్‌గన్ సంగతి నేను చెప్పేది. ఇది పుస్తకాల్లో చదివిన మాట కాదు. మా మేనమామ చేతుల్లో యాభయ్యేళ్లు చూసిన మాట.

ఆ తుపాకీ మీరూ చూసే ఉంటారు. ఏ జాతరలోనో, తిరనాళ్లలోనో, 1938లో మొదలై ఇప్పటికీ జనవరి వస్తే జనాన్ని పిలిచే నాంపల్లి నుమాయిష్‌లోనో, అట్టమీద రంగురంగుల బుడగలు కట్టి, కుర్రాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి డబ్బులు పుచ్చుకునే దుకాణం ఉంటుంది చూడండి. అక్కడుండేది అదే. గొట్టాన్ని మధ్యకి విరిచి కిందికి వంచుతారు. అలా వంచడంలో లోపల బలమైన స్ప్రింగు ఒకటి ముడుచుకుని, పిస్టన్‌తో సహా వెనక్కి వెళ్లి, కొక్కేనికి తగులుకుంటుంది. గొట్టం మొదట్లో చిన్న సీసపు గుండు పెట్టి మళ్లీ మూస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, నలిగిన గాలి గుండుని తరుముతుంది. సైకిల్ పంపులో జరిగేదే ఇదీ. మందులేదు, మంటలేదు.

అయితే అసలు తిరకాసు అక్కడే ఉంది. పిస్టన్ బరువైన వస్తువు కదా, అది ముందుకి ఉరికితే తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికంటా వెళ్లి గాలి దిండుని గుద్దుకుని ఆగితే, తుపాకీ ముందుకి తూలుతుంది. అంటే ఒక్క దెబ్బకి రెండు కుదుపులు. ఇదంతా దాదాపు సెకనులో నూరో వంతులో అయిపోతుంది, గుండు ఇంకా గొట్టం దాటకముందే మొదలవుతుంది. పెద్ద తుపాకుల తన్నుకి తట్టుకునే దుర్భిణీలు కూడా దీనికి బిగిస్తే చెడిపోవడం కద్దు, ఎందుకంటే అవి వెనక్కి తన్నే తన్నుకే తయారైనవి, ముందుకి లాగే లాగుడు వాటికి కొత్త.

ఇప్పుడు మీరు ఆ తుపాకీని పిడికిలి బిగించి, భుజానికి అదిమి, పళ్లు కొరికి పట్టుకున్నారనుకోండి. అది కదలక మానదు. మీ బిగింపుని బట్టి ఒకసారి పక్కకి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదులుతుంది. మీ పట్టు రెండుసార్లు ఒక్కలా ఉండదు గనక, గుండు రెండుసార్లు ఒక్కచోట పడదు. అదే ఎడమ అరచెయ్యి తెరిచి, దానిమీద తుపాకీని పళ్లెంలాగ ఊరికే ఆనించి, కుడిచేతి బొటనవేలు కూడా చుట్టకుండా వదిలేసి కొట్టారనుకోండి. అప్పుడూ కదులుతుంది. కాని ప్రతిసారీ ఒకేలాగ కదులుతుంది. అంచేత గుండు ఒకేచోటికి పోతుంది. ఫిరంగి పేలినప్పుడు వెనక్కి జరగనిస్తారు చూశారూ, ఆ పోలిక మీదే ఇంగ్లీషులో దీనికి ‘ఆర్టిలరీ హోల్డ్’ అని పేరు పెట్టారు. మా మామయ్యకి ఆ పేరు తెలియదు. ‘‘ఒరేయ్, దాన్ని కదలనీ. నువ్వు కదలకు’’ అనేవాడు, అంతే.

ఈ రెండు కుదుపుల బాధ పడలేకే 1960ల్లో జర్మనీవాళ్లు గొట్టమూ పిస్టనూ మొత్తం కర్రమీద పట్టాలెక్కి జరిగేటట్టు పోటీ తుపాకులు చేశారు. ఫెయిన్‌వెర్క్‌బౌ కంపెనీవాళ్ల 300 ఎస్ అలాంటిదే, పేలినప్పుడు భుజానికి ఏమీ తెలియదు. ఆ తరవాత పోటీలవాళ్లు స్ప్రింగుని వదిలేసి, గాలిని ముందే సిలిండర్లో కూరిపెట్టుకునే రకానికి మారారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌తో ఆటల్లో చేరింది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చింది ఇందులోనే. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. అంటే పెన్సిలు మొనతో పెట్టిన చుక్క. ఆ తుపాకుల ఖరీదు లక్షల్లో ఉంటుంది. స్ప్రింగు తుపాకీ పేదింటి సరస్వతి. చదువు నేర్పుతుంది గాని కంచుకంచాలు పెట్టదు.

మామయ్య లాలాగూడా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1972లో సెకండ్‌హాండులో ఆ తుపాకీ కొన్నాడు. ఆ నెల ఇంట్లో కందిపప్పు బదులు పెసరపప్పుతో సరిపెట్టామని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. కొన్న మర్నాడే ఆయన దాన్ని పేల్చకుండా విప్పాడు. విప్పడం అంటే మాటలు కాదు. స్ప్రింగు లోపల కొంత ముడుచుకునే ఉంటుంది, వెనక బిరడా ఊడదీస్తే ఎగిరి మొహం మీదికొస్తుంది. వడ్రంగి క్లాంపులో పొడుగ్గా బిగించి, మర తిప్పుతూ కొంచెం కొంచెంగా వదలాలి. ‘‘కోపంగా ఉన్నవాణ్ణి ఎలా చల్లారుస్తావో, అలాగ’’ అనేవాడు, అత్తయ్య వైపు చూడకుండా.

తరవాత ముప్ఫయ్యేళ్ల నాటి గ్రీజుని కిరసనాయిల్తో కడిగేవాడు. స్ప్రింగుని అద్దం మీద దొర్లించేవాడు, వంకర ఉంటే ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. దాని రెండు కొసలూ నూనెరాయి మీద చదును చేసేవాడు. పిస్టన్ మూతికి ఉండే తోలు వాషరు గట్టిపడితే, చెప్పులు కుట్టేవాడి దగ్గర మంచి తోలు తెచ్చి, కోసి, నూనెలో నానబెట్టి వేసేవాడు. స్ప్రింగు లోపల ఉండే ఊచ వదులుగా ఉంటే పేల్చినప్పుడు తంబూరా తీగలాగ ‘ఝుయ్’ మంటుంది. ఆ మోత ఉన్నన్నాళ్లూ నిద్రపోయేవాడు కాదు. గొట్టం మూసేచోట ఉన్న వాషరు గాలి కారుస్తోందేమో చూడ్డానికి, పల్చటి కాగితం ముక్క పెట్టి పేల్చేవాడు. కాగితం అల్లాడితే కారుతున్నట్టు. గొట్టాన్ని సగం వంచి వదిలితే అది అక్కడే నిలబడాలి. జారిపోతే కీలు వదులు. ఇంతా చేసి ఆఖర్న కర్రని పట్టి ఉంచే మూడు మరలూ బిగించేవాడు. అవి ప్రతి కుదుపుకీ కాస్త కాస్త వదులవుతాయి. గురి చెడిందని కళ్లజోడు మార్చుకునేవాళ్లలో సగంమందికి కావలసింది స్క్రూడ్రైవరని ఆయన అభిప్రాయం.

తుపాకీకి నాలుక కూడా ఉంటుందనేవాడు. అన్నీ 4.5 మిల్లీమీటర్ల గుండ్లే, అన్నీ అరగ్రాము అటూ ఇటూ బరువే, కాని ఒక డబ్బాలోవి పక్కపక్కన పడితే ఇంకో డబ్బాలోవి చెల్లాచెదరవుతాయి. అన్నీ రుచి చూపించి, ఏది ఒప్పుకుంటే అదే పెట్టాలి. ఆ డబ్బాలో కూడా బియ్యంలో రాళ్లేరినట్టు, పావడా అంచు నొక్కుకున్న గుండ్లు ఏరేసేవాడు. గుండు పెట్టేటప్పుడు రెండో చెయ్యి గొట్టం మీంచి తియ్యనిచ్చేవాడు కాదు, కొక్కెం జారితే గొట్టం ఎగిరివచ్చి వేళ్లు నరుకుతుంది. గుండు లేకుండా ఉత్తినే పేలిస్తే పిస్టన్ పోయి ఇనుముని గుద్దుతుందని, పిల్లల్ని అదొక్కదానికే కేకలేసేవాడు.

ఆయనకి ఇంకో నియమం ఉండేది. కాగితం తప్ప దేన్నీ కొట్టకూడదు. మట్టి కుక్కిన డబ్బాకి కాగితం అంటించి, వెనక గోడ ఉన్నచోట పెట్టి, కళ్లకి అద్దాలు పెట్టించి అప్పుడు తుపాకీ ఇచ్చేవాడు. పెరట్లో జామచెట్టు మీదికి చిలకలు వచ్చి కాయలన్నీ కొరికి పారేస్తుంటే, ‘‘ఏవండీ, ఇంట్లో తుపాకీ ఉండి ఏం లాభం?’’ అని అత్తయ్య అనేది. ‘‘అవి కాగితాలు కావే’’ అనేవాడు. అదీగాక 1972లోనే వన్యప్రాణుల చట్టం వచ్చింది, చిలకని కొడితే నేరం. 4.5 మిల్లీమీటర్లకీ 20 జౌళ్లకీ మించని ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదని 2016 ఆయుధ నియమాలు చెబుతున్నాయి. లైసెన్సు అక్కర్లేదంటే బాధ్యత అక్కర్లేదని కాదుగదా.

మా బావది, అంటే మామయ్య కొడుకుది, వేరే మతం. దానికి బలం చాలదని వాడి దిగులు. ఒక వేసవిలో బజారునించి బిరుసు స్ప్రింగు తెచ్చి ఎక్కించాడు. పిస్టన్ ముందు నాలుగు చుక్కల నూనె కూడా వేశాడు. పేలిస్తే ఢామ్మని చప్పుడు, పొగ, మాడువాసన. గాలి ఒక్కసారిగా నలిగితే వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజనులో జరిగేది అదే. ఇంగ్లండులో కార్డ్యూ తండ్రీకొడుకులు గాలి బదులు నైట్రోజన్ పెట్టి పేల్చి చూస్తే గుండు వేగం తగ్గిందట. అంటే మామూలుగా కూడా ఎంతో కొంత నూనె మండుతూనే ఉంటుందన్నమాట. కొంచెమైతే ఫరవాలేదు, ఎక్కువైతే వాషరుకీ స్ప్రింగుకీ చేటు. బావ సంబరపడ్డాడు గాని, కాగితం మీద చూస్తే బెజ్జాలు విస్తరంత వెడల్పున పడ్డాయి. మామయ్య ఏమీ అనలేదు. మర్నాడు పాత స్ప్రింగే వేసి, దాని కింద ఉన్న రెండు రేకుల్లో ఒకటి తీసేశాడు. బలం ఇంకా తగ్గింది. అయిదు గుండ్లూ పావలా బిళ్ల కింద దాక్కున్నాయి. ఆ పావలా 2011లో చెలామణీలోంచి పోయింది గాని మామయ్య కొలతబద్దగా ఇంకా పని చేస్తూనే ఉంది.

2023లో మామయ్య కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. కాఫీ గ్లాసులో సగమే పొయ్యాల్సి వచ్చింది. సంతకం కోసం బ్యాంకువాళ్లు రెండుసార్లు తిప్పారు. బెంగుళూరునించి బావ వచ్చాడు. ‘‘నాన్నా, తుపాకీ ఇంక ఇంట్లో వద్దు. నీ చేతికి అది ప్రమాదం’’ అన్నాడు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. ‘‘ఉన్న ఒక్క ముచ్చటా తీసేస్తే ఆయనేం చేస్తారురా?’’ అంది అత్తయ్య. ఆవిడ అన్నదాంట్లోనూ తప్పు లేదు. నన్ను మధ్యవర్తిగా పిలిచారు. మధ్యవర్తి పనల్లా ఇద్దరివైపూ తలూపడమే గనక నేను బాగానే నిర్వహించాను. మామయ్య మాత్రం, ‘‘అయిదు గుండ్లు కొట్టనివ్వండి. తరవాత నేనే చెబుతాను’’ అన్నాడు.

మనవరాలు గొట్టం వంచి గుండు పెట్టింది. ఆయన కుర్చీలో కూచుని, బల్లమీద ఇసకసంచీ, దానిమీద ఎడమ అరచెయ్యి, దానిమీద తుపాకీ ఆనించాడు. కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. అది కాస్త నెమ్మదించేదాకా ఆగడం, కొట్టడం. మొదటి నాలుగూ పావలాలో పట్టలేదు గాని రూపాయి బిళ్లలో పడతాయి. డెబ్భయ్యెనిమిదేళ్లకి అదేం తక్కువ! అయిదోది ఆయన ఇంకా సర్దుకుంటూ ఉండగానే పేలింది. వెళ్లి చూస్తే సరిగ్గా నడిబొట్టున ఉంది. అయిదింట్లోకీ అదే గొప్ప దెబ్బ. బావే ముందు చప్పట్లు కొట్టాడు. ‘‘పోనీలే నాన్నా, ఉంచుకో’’ అన్నాడు.

మామయ్య తుపాకీ బల్లమీద పెట్టేశాడు. ‘‘ఇది నేను కొట్టింది కాదురా. నన్నడక్కుండా అది కొట్టింది. గురి తప్పితే మళ్లీ కొట్టుకోవచ్చు. నేను సరే అనకముందే పేలేది నా తుపాకీ కాదు’’ అన్నాడు. గొంతులో ఏ వణుకూ లేదు. అత్తయ్య కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

ఆ తరవాత ఆయన ట్రిగ్గర్ ముట్టుకోలేదు. తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంది, మనవరాలి పేర. ఇంటరు చదువుతున్న ఆ పిల్ల ఆదివారాలు కొడుతుంది, ఆయన వెనకాల కూచుని వింటాడు. చూడ్డం కాదు, వినడమే. ‘ఝుయ్’ మని వినిపిస్తే, ‘‘ఊచ వదులైందే’’ అంటాడు. గుండు ఎటు పోయిందో చూడకుండానే, ‘‘పిడికిలి బిగించావు’’ అంటాడు. ‘‘నీకెలా తెలుసు తాతయ్యా?’’ అంటే నవ్వుతాడు. కొట్టడం అయ్యాక మూడు మరలూ బిగించే పని ఇద్దరిదీ. స్క్రూడ్రైవరు మొన కదలకుండా మర గాట్లో ఆ పిల్ల పట్టుకుంటుంది. పిడి పట్టుకుని ఆయన తిప్పుతాడు. మరీ బిగిస్తే కర్ర నలుగుతుంది. ఎక్కడ ఆపాలో ఆ చేతికి ఇంకా తెలుసు.