అమ్మ జబ్బు, కూతురి నోట

నా దగ్గరికి వచ్చే చైనా తల్లుల్లో చాలామంది కూతుర్ని వెంటబెట్టుకునే వస్తారు. తోడు కోసం కాదు, మాట కోసం. తల్లికి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. మధ్య కుర్చీలో కూర్చునే కూతురికి ఒక్కోసారి పదకొండేళ్ళు, ఒక్కోసారి నలభై. వయసు ఎంతైనా, అమ్మ ఒంట్లో ఏం జరుగుతున్నా ముందు ఆ పిల్ల చెవిన పడాలి, తర్వాతే నాకు తెలియాలి. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో, సన్‌సెట్ పార్క్ ఎనిమిదో అవెన్యూకి దగ్గర్లో ప్రాక్టీసు చేస్తున్న నాకు ఈ కుటుంబాల గురించి గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే. ఆ పిల్లని ఆ కుర్చీలోంచి లేపాలి. ఇక్కడ రాస్తున్న కేసుల్లో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఒక తల్లికి నెలసరి రక్తస్రావం రోజుల తరబడి ఆగడం లేదు. ఆమె బట్టలు కుట్టే షాపులో మిషన్ మీద పని చేస్తుంది. వెంట వచ్చిన పదమూడేళ్ళ కూతురు అన్నీ నోటుపుస్తకంలో రాసుకొచ్చింది. ఏ తేదీన మొదలైంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు, ఎప్పుడెప్పుడు కళ్ళు తిరిగాయి. ఫారంలో గర్భాలు 2, కాన్పులు 2 అని నింపింది కూడా ఆ పిల్లే. చాలా బాగా రాశావమ్మా అని పుస్తకం తీసుకుని, ఆమెని బయట కూర్చోమన్నాను. తల్లిది చైనాలోని ఫూజియన్ రాష్ట్రం. అక్కడి ఫూచో మాట వచ్చిన ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లో దొరకడానికి కొంతసేపు పట్టింది. మాండరిన్ వచ్చినవాళ్ళు వెంటనే దొరుకుతారు. కానీ ఫూజియన్ పల్లెల్లో పుట్టిన చాలామంది ఆడవాళ్ళకి మాండరిన్ బడిలో నేర్చిన భాష, ఒంటి సంగతులు చెప్పుకునే భాష కాదు.

గర్భాలు రెండు కాదు, మూడు. ఇద్దరు పిల్లల మధ్య ఇంకొకటి నిలిచింది. అయిదో నెల దాటాక ఊళ్ళో జనన నియంత్రణ అధికారులు తీసుకెళ్ళి తీయించేశారు. 1980 నుంచి 2015 దాకా చైనాలో నడిచిన ఒకే బిడ్డ విధానం గురించి మనం పత్రికల్లో చదివి ఉంటాం. నేను దాన్ని ఫోన్ స్పీకర్లోంచి, ఒక తల్లి ఆగి ఆగి చెప్పగా విన్నాను. ఆ తర్వాత ఆమె నన్ను అడిగింది మందు గురించి కాదు. ఇంటికి వచ్చే కాగితాల్లో ఈ సంగతి కనపడకూడదు, అంతే. ఎందుకంటే కరెంటు బిల్లు, అద్దె నోటీసు, ల్యాబ్ రిపోర్టు, ఇంటికి ఏ కవరు వచ్చినా చించి చదివేది ఆ కూతురే. రక్తస్రావానికి కారణమైన గర్భసంచి గడ్డలకి (ఫైబ్రాయిడ్లకి) వైద్యం మొదలుపెట్టాం, రక్తం పట్టడానికి ఐరన్ ఇచ్చాం. ఇంటికి పంపిన కాగితాల్లో అవే ఉన్నాయి.

ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లలతో అనువాదం చేయించకూడదని 2016 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. అయినా క్లినిక్కుల్లో ఇది జరుగుతూనే ఉంటుంది. ఫోన్ లైను కోసం ఎదురుచూడాలి, బయట రోగులు బారులు తీరి ఉంటారు, ఎదురుగా చురుకైన పిల్ల సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

2011లో యేల్ లా ప్రొఫెసర్ ఏమీ చువా ‘బ్యాటిల్ హిమ్ ఆఫ్ ద టైగర్ మదర్’ రాశాక, చైనా తల్లి అంటే పిల్లని గంటలకొద్దీ పియానో ముందు కూర్చోబెట్టే పులి అన్న అభిప్రాయం పాతుకుపోయింది. మన తెలుగువాళ్ళ విందుల్లోనూ ఆ మాట వింటుంటాను. అది చదువుకున్న ప్రొఫెసర్ల ఇంటి కథ. ఎనిమిదో అవెన్యూ తల్లి పొద్దున్న వెళ్ళి రాత్రికి వస్తుంది, పిల్ల పక్కన కూర్చునే తీరికే ఉండదు. మార్కులు ఆ ఇళ్ళలోనూ కావాలి. కానీ కూతురి నుంచి అంతకు మించి ఆశించేది ఇంకొకటుంది: పదేళ్ళకే ఇంటికి పెద్దదిక్కు కావడం.

నిజానికి తల్లీకూతుళ్ళు ఒకే కప్పు కింద ఉండటం ఈ దేశంలో చైనా వాళ్ళకి చాలాకాలం దక్కని సుఖం. 1875 నాటి పేజ్ చట్టం ఆడవాళ్ళ రాకను దాదాపు ఆపేసింది, 1882 బహిష్కరణ చట్టం కూలీలని ఆపేసింది. అది 1943లో పోయినా, కుటుంబాలు పెద్ద ఎత్తున రావడం 1965 చట్టం తర్వాతే. చట్టం తొలగిన చోట అప్పు వచ్చి కూర్చుంది. 1993 జూన్‌లో గోల్డెన్ వెంచర్ ఓడ క్వీన్స్ తీరంలో ఇసుకలో కూరుకుపోయింది. అందులోని 286 మందిలో ఎక్కువమంది ఫూజియన్ వాళ్ళు. దొంగదారిన చేర్చినందుకు ముఠాలకి ఒక్కొక్కరూ దాదాపు 30 వేల డాలర్లు కట్టాల్సినవాళ్ళు. అలాంటి అప్పు నెత్తిన పెట్టుకుని, పసిబిడ్డని చంకనెత్తుకుని రెస్టారెంటు వంటింట్లో 12 గంటలు నిలబడటం కుదరదు. అందుకే చాలామంది బిడ్డని నెలల వయసులోనే ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గరికి పంపి, బడి వయసుకి తెచ్చుకున్నారు. తిరిగొచ్చిన కూతురికి అమ్మ కొత్త మనిషి. రెండు మూడేళ్ళు తిరక్కుండా ఆ కొత్త మనిషికే తాను నోరు కావాలి.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను ఆలోచనలో పడేసింది ఒక బాలింత. ఇక్కడే పుట్టి పెరిగింది, బ్యాంకులో ఉద్యోగం. సిజేరియన్ అయ్యాక తల్లి వచ్చి ఇంట్లో మకాం పెట్టింది. తల్లిది చైనాలోని గ్వాంగ్‌డాంగ్, మాట్లాడేది కాంటనీస్. వాళ్ళ ఆచారం ప్రకారం నెలరోజులు బాలింత గడప దాటకూడదు, తలంటుకోకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు. అల్లం, తియ్యటి వెనిగర్ వేసి గంటలకొద్దీ ఉడికించిన పంది కాళ్ళు తినాలి. చెవుల్లో దూది, తలకి గుడ్డ, శొంఠి, పథ్యం ఎరిగిన మనకి ఇదేం వింత కాదు. మా అమ్మమ్మ అయితే ఆ తల్లి పక్షమే మాట్లాడి ఉండేది. కానీ కూతురు ఏడుస్తూనే ఉంది. బాలింతల డిప్రెషన్‌ని కనిపెట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి. ఆమె స్కోరు చూస్తే ఆలస్యం చేయకూడదనిపించింది. "నన్ను ఖైదీని చేసిందండీ" అంది తల్లి గురించి. ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, నాకు కాంటనీస్ వచ్చు అంది. అయినా వీడియోలో పిలిపించాను.

మీరు ఈ అమ్మాయిని కన్నప్పుడు ఆ నెల ఎలా గడిచిందమ్మా అని తల్లిని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. పుట్టింది ఆడపిల్లని అత్తగారు వంట చేసి పెట్టలేదు. రెండు వారాలు కాకముందే మళ్ళీ కుట్టుమిషన్ ఎక్కింది. ఇంటికొచ్చి చన్నీళ్ళలో గుడ్డలు పిండుకుంది. మణికట్ల నొప్పి అప్పుడు పట్టుకున్నదేనని, ఇన్నేళ్ళైనా పోలేదని ఆవిడ నమ్మకం. నా బిడ్డకి అలా కాకూడదు, అందుకే వచ్చాను అంది. కూతురు ఇదంతా మొదటిసారి విన్నది, తెరమీద కనిపిస్తున్న ఒక పరాయి మనిషి ఇంగ్లీషులో. ఆ అమ్మాయికి కాంటనీస్ వచ్చన్నది నిజమే. కానీ బడిలో చేరిన ఏటనే అది ఎదగడం ఆగిపోయింది. తిను, పడుకో, కోటు వేసుకో, మార్కులెన్ని. ఆ నాలుగు మాటలతో ఒక ఆడదాని జీవితం చెప్పడం ఎలా కుదురుతుంది?

పాలిచ్చే తల్లికి ఇవ్వదగ్గ మందు మొదలుపెట్టాం, కౌన్సెలింగ్‌కి పంపాం. అల్లం వేసి కాచిన వేణ్ణీళ్ళతో స్నానానికి తల్లి ఒప్పుకుంది. బిడ్డ సాక్సుల దగ్గర వాళ్ళు ఆ తర్వాత కూడా పోట్లాడుకున్నారు. ఆ కొట్లాట వేరు.

ఆర్థర్ క్లైన్‌మాన్ అనే సైకియాట్రిస్టు చైనాలోని హునాన్ వైద్య కళాశాలలో నాడీ బలహీనత పేరుతో వైద్యం పొందుతున్న 100 మందిని పరీక్షించి, ఫలితాలను 1982లో ప్రచురించారు. వాళ్ళలో 87 మందికి ఉన్నది డిప్రెషన్. కానీ వాళ్ళు బాధపడుతూ వచ్చింది తలనొప్పి, నిద్రలేమి, తలతిరుగుడు గురించే. నా దగ్గరి తల్లులూ అంతే. గుండెల మీద ఏదో అదిమినట్టుందని రెండు మూడు నిమిషాలు చెబుతారు. కూతురు నా వైపు తిరిగి, అలసటేనంటోంది డాక్టర్ అంటుంది. ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. మధ్యలో విన్నది తనే మోయలేక, మనకి ఇవ్వలేక వదిలేస్తోంది.

పెద్దయిన కూతుళ్ళైతే క్యాన్సర్ అన్న మాట అమ్మ ముందు అనొద్దని గది బయటే నా చెయ్యి పట్టుకుంటారు. అందుకే పరీక్షలు రాసే రోజునే, ఇంటర్‌ప్రెటర్ ద్వారా, తల్లినే అడుగుతాను: ఫలితం మీకు ఎంతవరకు చెప్పమంటారు, ఇంకెవరికి చెప్పమంటారు? మా అమ్మాయికి చెప్పండి, నాకొద్దు అనేవాళ్ళు ఎక్కువే. అప్పుడు కూతురికి చెప్పడం తల్లి మాట నెరవేర్చడమే. కొందరు మాత్రం, నాకే చెప్పండి, దానికి ఇప్పటికే చాలా బరువుంది అంటారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకీ ఇదే చెబుతాను. మీ అమ్మగారు వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్తారు, మీరే ఇంగ్లీషు చేసి చెబుతారు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ఫెడరల్ డబ్బు తీసుకునే చోట మీకు పైసా ఖర్చు ఉండదు. డాక్టరుతో మాట్లాడటానికి అమ్మకి కాస్త సమయం ఇచ్చి, మీరు బయట కూర్చోండి.