పిలిస్తే తిరిగింది

కావలి స్టేషన్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడున్నా. పక్కన ఓ చిన్న పాప, చెవి వెనక చిన్న మిషను. వాళ్లమ్మ వెనకనుంచి "బుజ్జమ్మా" అంది. గభాల్న తిరిగింది!
పుట్టుకతో వినపడదంట. చెన్నైలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించారంట.

అప్పట్నుంచీ ఆ ఈఎన్‌టీ సర్జన్ల చేతుల గురించే ఆలోచన.
మైక్రోస్కోపులో చూస్తూ, లోపలి చెవిలో రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియాలోకి సన్నటి ఎలక్ట్రోడు ఎక్కించాలి. దారిలోనే ముఖాన్ని కదిలించే నరం. దానికి దెబ్బ తగలకూడదు.
ఇదే పనికి జీవితం పెట్టిన చెన్నై డాక్టర్ మోహన్ కామేశ్వరన్‌కి 2006లో పద్మశ్రీ వచ్చింది. మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చాక పేదపిల్లలకీ ఈ ఆపరేషన్ అందింది. ఎంత మంచి పని!

పిలిస్తే పలకని చంటిబిడ్డ మీ ఇంట్లో ఉంటే "మాటలు మెల్లగా వస్తాయిలే" అని ఆగొద్దు. వెంటనే చూపించండి.
ఈ ఆపరేషన్ చేయించినవాళ్లుంటే, ఆ తర్వాత మాటలెట్లా నేర్పించారో కింద రాయరా?