ఒకే ఇంటిపేరు, రెండు వంశాలు

వర్తూరు కోడి కూడలిలో ట్రాఫిక్ తెమిలేసరికి ఎండ ముదిరింది. బెళ్ళందూరు తర్వాత బెంగళూరులో వర్తూరుదే పెద్ద చెరువు. నురగ ఎగిసి రోడ్డు మీదికొచ్చిన ఫొటోలతోనే బయటివాళ్ళకు దీని పేరు తెలుసు. ఆ చెరువు పక్కన పాత ఊరొకటి ఉందనీ, అందులో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే కుటుంబాలున్నాయనీ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో చాలామందికి తెలియదు.

నేను వెళ్ళింది వై-డీఎన్‌ఏ పరీక్ష ఫలితం చూడటానికి. మిత్రుడిది మదనపల్లె వైపు. ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఫ్లాట్ కొనుక్కున్నాడు. పాత ఊళ్ళో ఒకరిది తన ఇంటిపేరేనని తెలిశాక ఇక ఆగలేదు. అమెరికాలోని తమ్ముడి చేత రెండు కిట్లు తెప్పించాడు. ఒకదానితో తన బుగ్గ లోపల గీకి పంపాడు, రెండోది ఆ ఇంటి పెద్దాయన్ను ఒప్పించి ఆయన మనవడి చేత ఇప్పించాడు.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. మిగతావి ప్రతి తరంలోనూ జతతో కలగలిసిపోతాయి. వైలో ఎక్కువ భాగం కలవడానికి జతే లేదు కనుక దాదాపు ఉన్నదున్నట్టు దిగుతుంది. అరుదుగా వచ్చే చిన్న మార్పులే ఆనవాళ్ళు. కొన్నిచోట్ల ఒక ముక్క వరసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. అలాంటి చోట్లు 37, 67, 111 చూసే పరీక్షలున్నాయి. ఎన్ని ఎక్కువ చూస్తే దగ్గరి చుట్టరికం అంత తేటపడుతుంది. ఇంకా అరుదైన మార్పులను బట్టి పెద్ద శాఖలు కడతారు. హెచ్, ఎల్, జె2, ఆర్1ఎ, ఆర్2 మన దక్షిణాదిలో తరచు కనిపించేవి.

నిజానికి మనవాళ్ళకిది కొత్త లెక్కేం కాదు. చావు కబురొస్తే ఎవరికి పది రోజుల మైలో, ఎవరికి మూడు రోజులో ముసలమ్మలు తడుముకోకుండా చెప్పేస్తారు. పది రోజులు పట్టే పాలివాళ్ళలో మగవాళ్ళంతా ఒకే వై క్రోమోజోమ్ వాళ్ళు కావాలి, దత్తు వచ్చినవాళ్ళు తప్ప. దత్తు పోయినవాడికి ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది. ఇదొక్కటీ మారదు.

ఫలితం ఫోన్లో చూపించాడు. మిత్రుడిది హెచ్, పెద్దాయన ఇంటివాళ్ళది ఆర్2. ఈ రెండు శాఖలూ విడిపోయి పదుల వేల ఏళ్ళయింది. మిత్రుడి ముఖం వాడిపోయింది. కబురు చెప్పడానికి ఇద్దరం ఊళ్ళోకి వెళ్ళాం. పెద్దాయన అరుగు మీద కూర్చుని విని నవ్వాడు. "మీ ఇంట్లో చావైతే మాకు మైల పడతాదా సామీ? పడదు. మరింకేం అన్నదమ్ములం? మంచిదే అయింది, మీ పిల్లోడికి మా పిల్లనియ్యచ్చు." ఆయన పై తరాల పేర్లు ముత్తాత దాకా చెప్పి ఆగాడు. ముందువాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో ఆ ఊరి పేరే ఇంటిపేరైందని మాత్రం గట్టిగా చెప్పాడు. మదనపల్లె వాళ్ళదీ అదే కథ. ఒకే ఊరు వదిలిన రెండు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు రావడంలో వింతేముంది? ఇందులో తలదించుకోవాల్సిందీ లేదు.

ఇంగ్లండులో బ్రయాన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ళ నమూనాలు తెప్పించి 2000లో ఫలితాలు ప్రచురించాడు. దాదాపు సగంమందిలో ఒకే రకం వై కనిపించింది. మిగతా సగంలో కనిపించలేదు.

ఈ శాఖల అక్షరాలను కులానికి ముడిపెట్టేవాళ్ళతోనే నాకు పేచీ. ఆర్1ఎ అనగానే ఫలానా కులమని మురిసిపోయేవాళ్ళున్నారు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో మన నల్లమల చెంచుల్లో పరీక్షించిన మగవాళ్ళలో దాదాపు పావువంతు మందిది ఆర్1ఎ. పైగా పది తరాల వెనక మనకు 1024 మంది పూర్వీకుల స్థానాలుంటే, వై చెప్పేది అందులో ఒక్కడి సంగతి.

ఈ పరీక్ష చేయించుకోవాలనుకుంటే ఒంటరిగా చేయించుకోకండి. పరీక్షలు చేసే కంపెనీల జాబితాల్లో ఐరోపా మూలాలవాళ్ళే ఎక్కువ, మనవాళ్ళు తక్కువ. ఒక్కరి ఫలితం శాఖ పేరు చెప్పి ఊరుకుంటుంది. నాలుగైదు తరాల కింద విడిపోయిన దాయాదినొకణ్ణి పట్టుకుని ఇద్దరూ ఇవ్వండి, అప్పుడే వంశవృక్షానికి పనికొస్తుంది. ఆడవాళ్ళకు వై ఉండదు కనుక తండ్రో అన్నదమ్ములో ఇవ్వాలి. ఇచ్చేముందు పాలివాళ్ళకో మాట చెప్పండి, ఆ నమూనా వాళ్ళ గుట్టు కూడా విప్పుతుంది. 23అండ్‌మీ అనే జన్యుపరీక్షల కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.